గురునానక్ వారసుడు

గురునానక్ పేరు వినగానే, రబాబు వాయించే మర్దానా తోడుగా దేశాటనం చేసిన యాత్రికుని రూపం మనసులో మెదలుతుంది. అయితే ఆయనకు ఎదురైన కఠిన పరీక్ష ఆ యాత్రలలోనిది కాదు. అది వార్ధక్యంలో, సొంత ఇంటిలోనే ఎదురైంది.

నానక్ 1469లో తల్వండి గ్రామంలో జన్మించాడు. నేడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ ఊరిని నన్‌కానా సాహిబ్ అంటారు. యాత్రలు ముగించిన పిమ్మట ఆయన రావీనదీ తీరాన కర్తార్‌పూర్‌లో స్థిరపడి నాగలి పట్టాడు. వేకువనే సంకీర్తనం, పగలు పొలంపని, ఆపై అందరికీ ఒకే పంక్తిలో భోజనం. ఆ సహపంక్తి భోజనమే లంగరు. కులభేదాలు విస్తరి దగ్గరే బలంగా పాతుకొన్న కాలంలో అది సామాన్యమైన సాహసం కాదు.

ఈ బాటను తన తరువాత నడిపించేదెవరు? నానక్‌కు ఇద్దరు కుమారులు. పెద్దవాడు శ్రీచంద్ విరాగి, సంసారాన్ని త్యజించినవాడు. చిన్నవాడు లక్ష్మీదాస్ లౌకిక వ్యవహారాలలో మునిగినవాడు. సంసారంలో ఉంటూ, కష్టించి బ్రతుకుతూ భగవంతుని స్మరించాలన్న తండ్రి బోధకు ఇద్దరూ చెరొక వైపున దూరమయ్యారు.

ఆ రోజులలో లెహనా అనే వర్తకుడు కర్తార్‌పూర్ వచ్చాడు. అతడు దుర్గాదేవి భక్తుడు. యాత్రికులను జ్వాలాముఖి క్షేత్రానికి తీసుకొనిపోయేవాడు. నానక్‌ను దర్శించిన పిమ్మట ఆయన సేవకే అంకితమయ్యాడు. ఒకనాడు తడిసిన గడ్డిమోపులను ఇంటికి చేర్చవలసి వచ్చిందట. కుమారులు వెనుకాడగా, లెహనా తన మేలైన వస్త్రాలు బురదపాలవుతున్నా వాటిని తలకెత్తుకొన్నాడట. ఇటువంటి కథలు మరికొన్ని ఉన్నాయి. వాటి వివరాల మాట ఎలా ఉన్నా, గురువు వెదకినది పాండిత్యాన్ని కాదని అవన్నీ తెలుపుతాయి.

1539లో నానక్ లెహనా ముందు కొబ్బరికాయను, నాణేలను ఉంచి శిరసు వంచి నమస్కరించాడు. శిష్యునికి గురువే మ్రొక్కడం చూచినవారికి వింతగా తోచి ఉంటుంది. తన అంగమే అయినాడన్న భావంతో అతనికి అంగదుడని పేరు పెట్టాడు. ఆ సంవత్సరం సెప్టెంబరులోనే నానక్ కన్నుమూశాడు.

ఈ నిర్ణయం కుమారులకు రుచించలేదు. అంగదుడు కలహానికి దిగక ఖడూరు గ్రామానికి తరలిపోయాడు. శ్రీచంద్ పేరిట ఉదాసి సంప్రదాయం వేరుగా వెలసింది. ఖడూరులో అంగదుడు గురుముఖి లిపిని తీర్చి, బాలురకు నేర్పించాడు. ఆయన భార్య ఖీవీ లంగరు భారాన్ని వహించింది. 1552లో అంగదునికీ అదే పరీక్ష ఎదురైంది. ఆయన కూడా తన కుమారులను కాదని, ప్రతిదినం వేకువన బియాస్ నది నుండి గురువు స్నానానికి నీరు మోసి తెచ్చిన అమరదాసును గురుపీఠంపై నిలిపాడు. అప్పటికి అమరదాసు వయస్సు 73 సంవత్సరాలు.