నిప్పురవ్వకు పూచీ పడ్డ మనిషి

ఏ వర్క్‌షాప్‌లోనైనా చేతి డ్రిల్లింగ్ మెషీన్ తీసి చూడండి, చాలావాటి మీద బాష్ అన్న పేరు పక్కనే ఒక గుండ్రటి గుర్తు కనిపిస్తుంది. వలయం లోపల అటొకటి ఇటొకటి రెండు వంపు ముక్కలు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక పట్టీ. మనలో చాలామంది దాన్ని ఇంగ్లీషు హెచ్ అక్షరం అనుకుంటాం. నిజానికి అది మాగ్నెటోలో తిరిగే ఆర్మేచర్. దాన్ని అడ్డంగా కోస్తే అలాగే ఉంటుంది. 1918లో ఆ గుర్తు గీసినాయన గాట్లోబ్ హోనోల్డ్. అంటే పేరేమో రాబర్ట్ బాష్‌ది, బొమ్మలో ఉన్న యంత్రమేమో హోనోల్డ్‌ది. మరి బాష్ చేసిందేమిటి? ఈ ప్రశ్న పట్టుకునే ఆయన జీవితం చదివాను.

1861 సెప్టెంబర్ 23న దక్షిణ జర్మనీలో, ఉల్మ్ పట్నానికి దగ్గర్లో ఉన్న ఆల్బెక్ అనే పల్లెలో ఆయన పుట్టాడు. పన్నెండు మంది పిల్లల్లో పదకొండోవాడు. తండ్రికి పొలమూ, దారిన పోయే బండ్లవాళ్ళు దిగే సత్రమూ ఉండేవి కాబట్టి తిండికి లోటు లేదు. చదువు మీద మాత్రం మనవాడికి పెద్ద మోజు లేదు. దాంతో తండ్రి ఉల్మ్‌లోనే సున్నితమైన పరికరాలు చేసే ఒక పనివాడి దగ్గర అప్రెంటిస్‌గా పెట్టాడు. 1876 నుంచి 1879 దాకా అక్కడే. ఆ గురువు సరిగ్గా నేర్పలేదన్న అసంతృప్తి బాష్‌కు ఎప్పటికీ పోలేదు. తర్వాత 1913లో తన ఫ్యాక్టరీలో కుర్రాళ్ళ కోసం విడిగా శిక్షణ విభాగం తెరిచాడంటే, దాని వెనకాల ఈ పాత బాధే ఉందని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఊరూరా తిరిగిన పని. న్యూరెంబర్గ్‌లో షుకర్ట్ కంపెనీ. మధ్యలో స్టుట్‌గార్ట్ పాలిటెక్నిక్‌లో ఓ ఆరు నెలలు బయటి విద్యార్థిగా క్లాసుల్లో కూర్చున్నాడు. డిగ్రీ లేదు, సర్టిఫికెట్ లేదు. 1884లో ఓడెక్కి అమెరికా వెళ్ళి, న్యూయార్క్‌లో ఎడిసన్ సామగ్రి తయారుచేసే బెర్గ్‌మాన్ దగ్గర పని చేశాడు. అక్కడే కార్మికుల సంఘంలో కూడా చేరాడు, ఇది గుర్తుపెట్టుకోండి. మరుసటేడు ఇంగ్లండ్‌లో సీమెన్స్ కంపెనీ, ఆ తర్వాత మళ్ళీ సొంత దేశం.

1886 నవంబర్ 15న స్టుట్‌గార్ట్‌లో ఒక వెనకింట్లో దుకాణం తెరిచాడు. పెట్టుబడి 10,000 మార్కులు. పనికి ఒక మేస్త్రీ, ఒక కుర్రాడు. టెలిఫోన్లు బిగించడం, ఇళ్ళకు కరెంటు గంటలు పెట్టడం, ఏది దొరికితే అది. ఊళ్ళో పనులు చూసుకోవడానికి సైకిల్ మీద తిరిగేవాడు. మొదటి పదేళ్ళూ అప్పులతోనే గడిచాయి. ఒక దశలో పనివాళ్ళలో చాలామందిని పంపించేయాల్సి వచ్చింది కూడా.

ఇక అసలు సంగతికొద్దాం. 1887లో ఒక యంత్రాల తయారీదారు వచ్చి, డోయిట్జ్ కంపెనీ గ్యాస్ ఇంజన్లకు పెడుతున్నలాంటి మాగ్నెటో ఒకటి చేసిపెడతావా అనడిగాడు. అలాంటిది షోర్న్‌డార్ఫ్ అనే ఊళ్ళో ఉందని తెలిసి బాష్ వెళ్ళి చూసొచ్చాడు. దానిమీద పేటెంట్ లేదని తేల్చుకున్నాకే చేయడం మొదలుపెట్టాడు. చూశారా, మొదటి అడుగులోనే కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఉన్నదాన్ని ఇంకాస్త నికరంగా చేశాడు, అంతే.

అప్పట్లో ఇంజన్ చేసేవాళ్ళందరికీ పెద్ద తలనొప్పి మంట అంటించడమే. డైమ్లర్ ఇంజన్లలో బయట బర్నర్ పెట్టి ఒక గొట్టాన్ని ఎర్రగా కాల్చేవాళ్ళు. ఎదురుగాలికి బర్నర్ ఆరితే బండి ఆగింది, బర్నర్ ఒరిగితే బండే తగలబడింది. బెంజ్ బ్యాటరీ, కాయిల్ వాడాడు గానీ ఆ బ్యాటరీ నాలుగూళ్ళు తిరిగేలోపే ఖాళీ. మాగ్నెటోకు ఈ బాధ లేదు. అయస్కాంతాల మధ్య తీగచుట్ట కదిలితే చాలు, కరెంటు దానంతటదే పుడుతుంది. కాకపోతే బాష్ చేసిన మాగ్నెటో నెమ్మదిగా తిరిగే స్థిర ఇంజన్లకే సరిపోయేది.

1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే ఇంగ్లండ్ వ్యాపారి ఒక దె దియోన్ బూతోన్ మూడు చక్రాల బండి తెచ్చి, దీనికి మాగ్నెటో పెట్టిపెట్టమన్నాడు. దాని ఇంజన్ నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. బరువైన ఆర్మేచర్‌ను ఆ వేగంతో అటూ ఇటూ ఊపితే ఏమవుతుందో మెకానికల్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. దారి చూపింది బాష్ ఫోర్‌మన్ ఆర్నాల్డ్ త్సేరింగర్. బరువైన ఆర్మేచర్‌ను కదలకుండా ఉంచి, దాని చుట్టూ తేలికపాటి లోహపు తొడుగును మాత్రం ఊగించాడు. బండి పరిగెత్తింది. త్సేరింగర్ పేరు ఇవాళ ఎవరికీ తెలియదు, పాపం.

అయినా ఇంకో చిక్కు మిగిలింది. ఆ మాగ్నెటోలో వోల్టేజి తక్కువ. అందుకే సిలిండర్ లోపలే రెండు లోహపు ముక్కలను తాకించి విడదీస్తేగానీ నిప్పురవ్వ పుట్టదు. దానికోసం కడ్డీలు, మీటలు, అవన్నీ అరిగిపోవడాలు. 1901లో బాష్ ఈ పనిని హోనోల్డ్ చేతికిచ్చాడు. ఒకప్పుడు బాష్ దగ్గరే అప్రెంటిస్‌గా ఉండి, తర్వాత చదువుకుని తిరిగొచ్చినవాడు. వయసు పాతికేళ్ళు. కొన్ని నెలల్లోనే, డిసెంబర్ నాటికి కొత్త యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకే ఆర్మేచర్ మీద రెండు చుట్లు. లోపల లావు తీగతో తక్కువ చుట్లు, పైన సన్నటి తీగతో వేల చుట్లు. లోపలి చుట్టలో కరెంటు పతాకస్థాయికి చేరిన క్షణంలో పాయింట్లు విడిపోతాయి, అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది, పైచుట్టలో వేల వోల్టులు లేస్తాయి. ఆ దెబ్బకు ప్లగ్ గ్యాప్‌ను నిప్పురవ్వ దూకేస్తుంది. పాయింట్లు కాలిపోకుండా పక్కన ఒక కండెన్సర్. 1902 జనవరిలో పేటెంట్, సెప్టెంబర్‌లో డైమ్లర్‌కు మొదటి సరుకు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎందుకంటే పాత బండి మాగ్నెటో కాయిల్‌ను ఇవాళ పరీక్షించేవాళ్ళకు ఎదురయ్యే ప్రశ్న, బాష్ ఫ్యాక్టరీలో రోజూ ఎదురైన ప్రశ్న ఒకటే. నిప్పురవ్వ వచ్చిందా అన్నది కాదు, ఎన్ని వోల్టులతో వచ్చింది? ఇంజన్ వేడెక్కాక కూడా వస్తుందా?

మామూలు మల్టీమీటర్‌తో ఆ వోల్టేజి కొలవాలని చూస్తే మీటరే పోతుంది. పోకపోయినా, సెకనులో అతి చిన్న భాగంపాటు ఉండే ఆ ఎగుడును అది పట్టుకోలేదు. ఓమ్ రేంజిలో పెడితే లోపలి చుట్ట ఒక ఓమ్ లోపు, పైచుట్ట కొన్ని వేల ఓమ్‌లు చూపిస్తుంది. తీగ తెగలేదని మాత్రమే దానర్థం. ఇన్సులేషన్ వేల వోల్టులను తట్టుకుంటుందో లేదో చిన్న బ్యాటరీతో నడిచే మీటరుకు ఎలా తెలుస్తుంది? అందుకే పాతకాలం వాళ్ళు గాలినే కొలబద్దగా వాడారు. గుండ్రటి కొనల మధ్య మామూలు గాలిలో మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు కావాలి. కొనలు సూదిగా ఉంటే అంతకన్నా తక్కువకే దూకుతుంది. ప్లగ్ విప్పి, ఇంజన్‌కు ఆనించి, కిక్ కొట్టి, నీలంగా మెరిసింది కాబట్టి కాయిల్ భేష్ అనేస్తారు చాలామంది. ఆ గ్యాప్ అర మిల్లీమీటరు కూడా ఉండదు, పైగా బయటి గాలి. సిలిండర్ లోపల నొక్కుకుపోయిన గాలిలో అదే గ్యాప్ దాటాలంటే ఎన్నో రెట్లు వోల్టేజి కావాలి. కాబట్టి బయట 5, 6 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టి, కిక్ వేగానికే అది దూకుతుందా అని చూడాలి. మాగ్నెటోలో వోల్టేజి తిరిగే వేగాన్ని బట్టి ఉంటుంది కనుక, నెమ్మదిగా తిప్పినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది.

రెండో పరీక్ష వేడి. ఆ కాలపు చుట్టల్లో ఇన్సులేషన్‌కు లక్క వాడేవాళ్ళు. అవును, మన లక్క గాజుల లక్కే, ప్రపంచానికి అది ఎక్కువగా వెళ్ళింది మన దేశం నుంచే. వేడికి అది మెత్తబడుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్‌కు లేచిన బండి, ఇరవై కిలోమీటర్లు పోయి టీ కొట్టు దగ్గర ఆపాక మళ్ళీ లేవనంటే అనుమానం ముందు కాయిల్ మీదికి, కండెన్సర్ మీదికి పోవాలి. ఇంకోమాట, హెచ్‌టి వైరు ఎటూ తగలకుండా గాలికి వదిలేసి మాగ్నెటోను తిప్పకండి. నిప్పురవ్వకు బయట దారి దొరక్కపోతే లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుని పోతుంది. ఇందుకోసమే బాష్ మాగ్నెటోల లోపల రక్షణగా వేరే ఒక గ్యాప్ వదిలేవాళ్ళు. పక్కన పెట్రోల్ డబ్బా ఉండకూడదని వేరే చెప్పాలా?

బాష్ గొప్పతనం నాకు కనిపించింది ఈ లోపలి గ్యాప్‌లాంటి చోట్లే. వాడేవాడు తప్పు చేసినా వస్తువు చెడకూడదు. నాసిరకం సరుకు తన పేరుతో బయటికి పోవడంకంటే డబ్బు పోవడం మేలని ఆయన నమ్మాడు, కంపెనీని అలాగే నడిపాడు. 1903లో ఐర్లండ్‌లో జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెంలో కామీ జెనాట్జీ నడిపిన మెర్సిడెస్ గెలిచింది, అందులో ఉన్నది బాష్ మాగ్నెటో. ఆ తర్వాత ఇక ఆగలేదు. 1906లో లక్షో మాగ్నెటో, 1912లో పది లక్షలోది.

ఆ 1906లోనే ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పనిదినం పెట్టాడు. 1910లో శనివారం మధ్యాహ్నం సెలవు. తోటి యజమానులు ఎర్ర బాష్ అని వెక్కిరించారు. అదే 1910లో స్టుట్‌గార్ట్ టెక్నికల్ కాలేజీకి, తను ఆరు నెలలు కూర్చున్న చోటుకే, పది లక్షల మార్కులిచ్చాడు. అయితే కథ ఇంత తియ్యగా సాగలేదు. 1913లో ఆ ఫ్యాక్టరీలోనే పెద్ద సమ్మె జరిగింది. సంఘం మనిషినే అనుకున్న ఆయన ఆ దెబ్బకు యజమానుల సంఘంలో చేరాడు. ఇద్దరిలో తప్పెవరిదో నేను తేల్చలేను గానీ, మంచి జీతమిచ్చే యజమాని కూడా యజమానే అని పనివాళ్ళకు గుర్తొచ్చి ఉంటుంది.

1914లో యుద్ధం. అప్పటికి బాష్ అమ్మకాల్లో 88 శాతం జర్మనీ బయటే. బ్రిటన్ విమానాలకు, లారీలకు, మోటార్‌సైకిళ్ళకు మాగ్నెటోలు జర్మనీ నుంచి రావలసిందే, ఒక్కసారిగా అవి ఆగిపోయాయి. చేసేదిలేక బ్రిటిష్ వాళ్ళు సొంతంగా మొదలుపెట్టారు. లూకస్ కంపెనీ థామ్సన్ బెన్నెట్‌ను కొని ఈ రంగంలోకి దిగింది అప్పుడే. ఇప్పుడు పాత బ్రిటిష్ బళ్ళ మీద కనిపించే లూకస్ మాగ్‌డైనోల వంశం అక్కడిదే. అమెరికాలో ఉన్న బాష్ ఫ్యాక్టరీని అక్కడి ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేసింది. ఇటు సొంత దేశంలో సైన్యం ఆర్డర్లతో లాభాలు వరదలా వచ్చాయి. చావులమీద వచ్చిన ఆ డబ్బు ఉంచుకోవడం ఆయనకు నచ్చలేదు. నెక్కార్ నదిని ఓడలు పోయే కాలువగా మార్చే పనికి కోటికి పైగా మార్కులు ఇచ్చేశాడు. తర్వాత వచ్చిన ధరల ఉప్పెనలో ఆ సొమ్ము విలువ కొట్టుకుపోయింది. 1921లో కొడుకు రాబర్ట్ దీర్ఘ వ్యాధితో చనిపోయాడు. వారసుడు అతనే కావాల్సింది.

1920ల్లో కార్లు బ్యాటరీ ఇగ్నిషన్‌కు మారిపోయాయి. బాష్ కూడా 1925 నుంచి అదే చేశాడు, 1927లో డీజిల్ పంపులు మొదలుపెట్టాడు. మోటార్‌సైకిల్ మాత్రం చాలాకాలం మాగ్నెటోను వదల్లేదు, బ్యాటరీ బరువు లేదు కదా. మన దేశానికి బాష్ సరుకు 1922లో కలకత్తా ఏజెన్సీ ద్వారా వచ్చింది. 1951లో బెంగళూరులో మైకో పుట్టింది. మన మెకానిక్‌లు మైకో ప్లగ్ అంటారే, అది ఇదే.

చివరి పదేళ్ళు చదవడం కష్టం. బాష్‌కు హిట్లర్ అంటే గిట్టదు. 1937లో, లైప్‌జిగ్ మేయర్ పదవి వదిలేసిన గోర్డెలర్‌ను కంపెనీ సలహాదారుగా పెట్టుకున్నాడు. ఆ ఉద్యోగం ముసుగులోనే గోర్డెలర్ ప్రతిఘటన నడిపాడు. యూదులకు కంపెనీ సాయం చేసింది. ఆ పని దగ్గరుండి చూసిన హాన్స్ వాల్జ్‌ను తర్వాత ఇజ్రాయెల్ సన్మానించింది. అదే కంపెనీ ఆ సైన్యానికే ఇగ్నిషన్లూ పంపులూ చేసింది. యుద్ధకాలంలో సుమారు 20,000 మంది చేత అక్కడ బలవంతంగా పని చేయించారు. ఎనిమిది గంటల పనిదినం పెట్టినాయన పేరు మీదే ఇది కూడా జరిగింది. రెండు లెక్కలనూ ఒకే పుస్తకంలో రాయక తప్పదు.

1942 మార్చి 12న స్టుట్‌గార్ట్‌లో బాష్ కన్నుమూశాడు. తను అసహ్యించుకున్న ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. గోర్డెలర్‌ను 1945 ఫిబ్రవరిలో ఉరితీశారు. బాష్ వీలునామా మాత్రం నిలిచింది. 1964 నుంచి కంపెనీ వాటాల్లో అధిక భాగం ఒక ధార్మిక సంస్థవి. 1940లో ఆయన తెరిచిన ఆసుపత్రి ఆ సంస్థ చేతుల్లో స్టుట్‌గార్ట్‌లో ఇప్పటికీ నడుస్తోంది.