దోర్నకల్లు బిషప్ అజరయ్య

పరభాషను స్వభాషగా జేసికొని, ఆ భాషవారి నడుమనే జీవితమును వెచ్చించిన క్రైస్తవ గురువులలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ముఖ్యుడు. ఆయన 1874 ఆగస్టు 17వ తేదీని తిరునెల్వేలి సీమయందలి వెళ్ళాళన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి తామస్ వేదనాయకం ఆంగ్లికన్ సంఘమునకు గ్రామగురువు. మాతృభాష తమిళము.

వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా నున్న కాలముననే అజరయ్య 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకును, 1905లో శ్రీరాంపురమున నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనకును కారకుడయ్యెను. భారతీయుల ధనముతో, భారతీయుల చేతులమీదుగా మతప్రచారము జరుగవలెనన్నదే వీని ఆశయము. ఇతరులను పంపి తాను నిలిచిపోవుట తగదని తలచి, 1909లో గురుపట్టము పొంది, నిజాము రాజ్యమందలి దోర్నకల్లునకు వచ్చెను. ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగువారి గురువయ్యెను.

1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభయందు ఆయన యొక అప్రియసత్యమును పలికెను. విదేశీయులు త్యాగమునకు వెనుదీయకున్నను, భారతీయులను సమానులైన మిత్రులుగా జూచుట లేదని దాని సారాంశము. కొందరికది కష్టముగా తోచెను. ఆయనకు బిషప్ పదవి నిచ్చుటకు స్వదేశీయులలోను, విదేశీయులలోను వ్యతిరేకత లేకపోలేదు. అయినను మద్రాసు బిషప్ వైట్‌హెడ్ పట్టుదలవలన, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్ అయ్యెను.

ఆయన సంఘీయులలో పెక్కుమంది మాల మాదిగ పల్లెలవారు, నిరక్షరాస్యులు. అట్టివారికి గ్రంథముకంటె పాటయే దగ్గర. కావున దేశీయమగు బాణీలలో తెలుగు కీర్తనలను ఆరాధనయందు ప్రోత్సహించెను. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్లు ఎపిఫనీ దేవాలయమున హిందూ ముస్లిం శిల్పరీతులు రెండును గానవచ్చుటయు ఈ దృష్టి ఫలితమే.

గోదావరి తీరమందలి దుమ్ముగూడెము ఆయన మండలములోనిదే. అటనుండి బస్తరు సీమలోని మరైగూడ వైపునకు సాగినకొలది కోయల పలుకు వినవచ్చును. అచ్చట తెలుగే పరభాష. తమిళుడు తెలుగువారికొరకు చేసిన శ్రమను తెలుగువారు కోయలకొరకు చేయవలసియుండును. ప్రజల పలుకులోనికి గురువే దిగిరావలెనన్నది ఆయన జీవితమువలన తేలు నీతి. భాషాపరిశోధకులకును ఇది వర్తించును.

సంఘములు ఏకము కావలెనని 1919 తరంగంబాడి సమావేశము మొదలు ఆయన పాటుపడెను. 1945 జనవరి 1న పరమపదించెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. ఆ దినమును చూచు భాగ్య మాయనకు లేకపోయెను.