లాహోర్ హోటల్లో ఒక చీఫ్ జస్టిస్

మతం పేరిట ఏర్పడిన దేశం పాకిస్తాన్. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానానికి 1960 నుంచి 1968 దాకా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నది ఒక క్రైస్తవుడు. పేరు ఆల్విన్ రాబర్ట్ కార్నీలియస్. ఆయనను ఇప్పటికీ గుర్తుంచుకునేది మాత్రం ఆ పదవి వల్ల కాదు, అంతకు ఐదేళ్ల ముందు రాసిన ఒక భిన్నాభిప్రాయం వల్ల.

1903లో ఆగ్రాలో పుట్టిన కార్నీలియస్ అలహాబాద్‌లోనూ, కేంబ్రిడ్జ్‌లోనూ చదివి ఐసీఎస్‌లో చేరారు. పంజాబ్‌లో పనిచేసి, 1946లో లాహోర్ హైకోర్టు జడ్జి అయ్యారు. దేశ విభజన సమయంలో పాకిస్తాన్‌నే ఎంచుకున్నారు. ఆ దేశ తొలి న్యాయశాఖ మంత్రి, దళిత నేత జోగేంద్రనాథ్ మండల్ 1950లో రాజీనామా చేసి భారత్‌కు వచ్చేశారు. కార్నీలియస్ అక్కడే ఉండిపోయారు.

అసలు పరీక్ష 1954 అక్టోబరులో వచ్చింది. గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ రాజ్యాంగ సభను రద్దు చేశారు. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ సింధ్ చీఫ్ కోర్టుకు వెళ్లి గెలిచారు. ప్రభుత్వం ఫెడరల్ కోర్టులో అప్పీలు చేసింది. హైకోర్టులకు రిట్ అధికారం ఇచ్చిన చట్టానికి గవర్నర్ జనరల్ ఆమోదం లేదు కాబట్టి అది చెల్లదని, సింధ్ కోర్టు ఉత్తర్వూ నిలవదని 1955 మార్చిలో చీఫ్ జస్టిస్ మునీర్ నేతృత్వంలోని నలుగురు జడ్జీలు తేల్చారు. సభ రద్దు తప్పా ఒప్పా అన్న ప్రశ్న జోలికే పోలేదు.

ఐదో జడ్జి కార్నీలియస్ ఒప్పుకోలేదు. రాజ్యాంగం రాసే సభ సార్వభౌమమైనదని, ఆ హోదాలో అది చేసిన చట్టాలకు ఎవరి ఆమోదమూ అక్కర్లేదని, అప్పటిదాకా నడిచిన ఆనవాయితీ కూడా అదేనని వాదించారు. ఆ వాదన నెగ్గి ఉంటే సభ రద్దుకు కోర్టులో జవాబు చెప్పాల్సి వచ్చేది.

1958లో సైనిక పాలన వచ్చినప్పుడు, విజయం సాధించిన తిరుగుబాటే కొత్త చట్టబద్ధత అని దోసో కేసులో మునీర్ కోర్టు చెప్పింది. ఫలితంతో కార్నీలియస్ ఏకీభవించారు. అయితే ప్రాథమిక హక్కులు అంత తేలిగ్గా రద్దయ్యేవి కావని విడిగా రాశారు.

చీఫ్ జస్టిస్ అయ్యాక అయూబ్ ఖాన్ ప్రభుత్వానికి ఆయన అడ్డు చెప్పిన సందర్భాలున్నాయి. ఇబ్బందులు తొలగించే పేరుతో అధ్యక్షుడు ఉత్తర్వుల ద్వారా రాజ్యాంగాన్ని మార్చలేడని 1963లో సుప్రీంకోర్టు తేల్చింది. జమాతే ఇస్లామీపై నిషేధాన్ని 1964లో కొట్టేసింది. పాకిస్తాన్‌ను పూర్తి ఇస్లామిక్ రాజ్యంగా మార్చాలన్న పార్టీకి సంఘం పెట్టుకునే హక్కును కాపాడిన ధర్మాసనానికి అధిపతి ఒక క్రైస్తవుడు.

ఆయన ఆలోచనలు అందరికీ నచ్చలేదు. చట్టం ప్రజల నైతిక సంప్రదాయాల్లోంచి రావాలని నమ్మి, ఇస్లామిక్ న్యాయ సూత్రాలను సమర్థించారు. తనను తాను రాజ్యాంగపరంగా ముస్లింనని చెప్పుకునేవారు. మైనారిటీలకు ఆ దారి ఎటు తీస్తుందోనన్న అనుమానం అప్పుడే ఉంది, తర్వాతి దశాబ్దాల్లో అది బలపడింది.

పెద్ద మచ్చ రిటైరయ్యాక పడింది. 1969లో సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ కేబినెట్‌లో న్యాయశాఖ తీసుకున్నారు. 1971 మార్చిలో ఢాకా చర్చల్లో యాహ్యా బృందంలో ఉన్నారు. ఆ చర్చలు విఫలమై సైనిక దాడి మొదలైంది. ఏడాది చివరికి దేశం రెండు ముక్కలైంది. సభ రద్దును ఎదిరించిన వ్యక్తి, ఎన్నికైన సభను సమావేశం కానివ్వని పాలకుడి పక్కన కూర్చున్నారు.

ఆడంబరం లేని మనిషి. ఏళ్ల తరబడి లాహోర్‌లోని ఫాలెటీస్ హోటల్లోనే నివసించారు. క్రికెట్ అంటే ప్రాణం. యువ ఆటగాళ్లను ఇంగ్లండ్ పంపి తీర్చిదిద్దిన ఈగ్లెట్స్ సంస్థ వెనక ఉన్నది ఆయనే. 1991 డిసెంబరులో లాహోర్‌లోనే కన్నుమూశారు.

దోసో తీర్పును పాక్ సుప్రీంకోర్టే 1972లో తోసిపుచ్చింది. మునీర్ తీర్పులు సైనిక పాలనలకు తలుపు తెరిచాయన్న విమర్శ ఇప్పటికీ వినిపిస్తుంది. అది వినిపించిన ప్రతిసారీ, ఆ తలుపు దగ్గర ఒంటరిగా అడ్డు నిలిచిన జడ్జి పేరూ వస్తుంది.