ఊరి గడపకు మందు చేర్చిన ఫాదర్ ఫెర్రర్

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా రైలులో పోయేవారికి దారి పొడుగునా కనిపించేవి రాతిగుట్టలు, ఎండిన చెరువులు, వానకోసం ఎదురుచూసే వేరుసెనగ చేలు. 2022 ఏప్రిల్‌లో ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి గాని, అంతకు ముందంతా ఇవి అనంతపురం జిల్లావే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన కురిసే సీమ ఇది. ఇక్కడ కరువు చుట్టంలా వచ్చి పోయేది కాదు, ఇంటి మనిషిలా తిష్ఠ వేసుకు కూర్చునేది. అలాంటి చోటికి 1969లో, నలభై తొమ్మిదేళ్ళ వయసులో, ఒక పరదేశి వచ్చాడు. ఆయనే మనవాళ్ళు ఫాదర్ ఫెర్రర్ అని పిలుచుకునే విన్సెంట్ ఫెర్రర్. ఈ సంచిక చదివే విద్యార్థి మిత్రులలో చాలామంది ఆయన కన్నుమూసేనాటికి పసిబిడ్డలు. కనుక ఆయన కథ మొదటినుంచీ చెప్పుకోవడం అవసరం.

ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో పుట్టాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో, కుర్రతనం తీరకుండానే, అంతర్యుద్ధంలో సైనికుడయ్యాడు. ఆయన ఉన్న పక్షం ఓడిపోయింది. సరిహద్దు దాటి ఫ్రాన్సుకు పోతే అక్కడా నిర్బంధ శిబిరమే ఎదురైంది. ఆకలి, చలి, రోగం మనిషిని ఎంత హీనం చేస్తాయో ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు, ఒంటిమీద అనుభవించాడు. తిరిగి వచ్చాక న్యాయశాస్త్రం చదివాడు. ఆ చదువు మధ్యలోనే మానేసి, 1944లో జెసూట్ సభలో చేరాడు. 1952 ఫిబ్రవరిలో బొంబాయి రేవులో దిగాడు.

మహారాష్ట్రలో నాసిక్ జిల్లా మన్మాడ్ ఆయన తొలి కార్యక్షేత్రం. అక్కడి రైతులు బావులు తవ్వుకోవడానికి ఆయన తోడ్పడ్డాడు. తవ్వేవారికి ధాన్యం, నూనె ఇచ్చి పని సాగేలా చూశాడు. నీళ్ళు పడ్డాయి, పైర్లు పచ్చబడ్డాయి, ఆయన పేరు పాకింది. పేరుతో పాటే శత్రువులూ పుట్టుకొచ్చారు. పరదేశి ఫాదిరీ కాబట్టి మతం మార్చడానికే వచ్చాడన్న అనుమానం కొందరిది. పేదవాడు తల ఎత్తితే తమ పెత్తనం పోతుందన్న భయం మరికొందరిది. 1968లో దేశం విడిచి వెళ్ళమని ఉత్తరువు వచ్చింది. అప్పుడు ఆయనకోసం వేలాదిమంది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయి వైపు కాలినడకన కదిలారు. ఆనాటి ప్రధాని ఇందిరాగాంధీ కల్పించుకోవడంతో, కొంతకాలం స్పెయిన్‌లో గడిపి తిరిగి రావడానికి వీలు కలిగింది. అయితే మహారాష్ట్రకు కాదు. ఆ విధంగా ఆయన అనంతపురం చేరాడు. 1970లో జెసూట్ సభను వదిలి, బొంబాయిలో పత్రికా విలేఖరిగా పనిచేసిన ఆంగ్ల యువతి ఆన్ పెర్రీని పెళ్ళాడాడు. ఇద్దరూ కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టారు. మన పల్లెల్లో అందరి నోటా ఆడే ఆర్.డి.టి. అదే.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. 1969 నాటికి లోకంలో మందులకు కొరత లేదు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ 1940లలోనే వచ్చింది. కుష్ఠుకు డాప్సోన్ బిళ్ళలు ఉన్నాయి. గాయం కుళ్ళకుండా పెన్సిలిన్ ఉంది. అయినా మన పల్లెల్లో జనం ఆ రోగాలతోనే పోయారు. ఎందుకని? మందు పట్నంలో ఉంది, రోగి పల్లెలో ఉన్నాడు. మధ్యలో పదిమైళ్ళ నడక ఉంది. ధర్మాసుపత్రికి పోతే ఆ పూట కూలి పోతుంది. ఇంట్లో ఆడమనిషికి జబ్బు చేస్తే, ఇంకొకరు చెబితే తప్ప గడప దాటే వీలు లేదు. పోయినా, చీటీ మీద ఏం రాశారో చదివి చెప్పే దిక్కు లేదు. క్షయ మందు ఆరోజుల్లో ఏడాదికి పైబడి వాడాలి. దగ్గు కాస్త తగ్గగానే మానేసేవారు. మానేసినవారికి రోగం రెట్టింపు బలంతో తిరగబెట్టేది.

ఫెర్రర్ వైద్యుడు కాడు. బహుశా అందువల్లనేనేమో, ఆయన చూపు రోగం కంటే ముందు దారి మీద పడింది. పెద్ద ఆసుపత్రి కట్టి రోగులు వస్తారని కూర్చోలేదు. ఊళ్ళోని ఆడవాళ్ళనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసే పద్ధతిని ట్రస్టు పట్టుకుంది. వాళ్ళేమీ పెద్ద చదువులు చదివినవారు కారు. అయితేనేం, ఏ ఇంట్లో నిండుచూలాలు ఉంది, ఏ బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి, ఎవరు బిళ్ళలు మింగడం మానేశారు అన్నది వారికి తెలిసినట్టు పట్నం డాక్టరుకు తెలియదు. వాంతులు, విరేచనాలతో సొమ్మసిల్లే బిడ్డకు ముందుగా కావలసింది సూదిమందు కాదు, ఉప్పు, గ్లూకోజు తగుపాళ్ళలో కలిపిన నీళ్ళు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాలలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణంతో వేల ప్రాణాలు నిలబెట్టి లోకానికి చూపించాడు. ఆ పొట్లం కట్టే విద్య కంటే, దాన్ని వేళకు తల్లి చేతికి అందించే విద్యే కష్టమైనది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల తొలి జాబితాను 1977లో వెలువరించింది. 1978లో ఆల్మా ఆటా సభ ప్రాథమిక ఆరోగ్యం అందరి హక్కని చాటింది. మన ప్రభుత్వం 2005లో ఆశా కార్యకర్తలను ఊరూరా నియమించి, వారి చేతికి మందుల సంచి ఇచ్చింది. పెద్ద సభలు తీర్మానించినవాటికి మన కరువు పల్లెలలో ముందునుంచే ఒక నమూనా నడుస్తూ వచ్చిందంటే, అది మనం గర్వించదగ్గ సంగతే.

చిన్న మందుతో తీరని రోగాలూ ఉంటాయి గదా. వాటికోసం ట్రస్టు కణేకల్లు, కళ్యాణదుర్గం, బత్తలపల్లిలో ఆసుపత్రులు నెలకొల్పింది. ధర్మవరానికి చేరువలోని బత్తలపల్లి ఆసుపత్రి 2000లో మొదలైంది. ఎయిడ్స్ రోగిని సొంతవాళ్ళే వాకిట కూర్చోబెట్టిన రోజులలో అక్కడ వారిని మనుషులుగా చూసి వైద్యం చేశారు. ఇంత పనికీ డబ్బు ఎక్కువ భాగం స్పెయిన్‌లోని సామాన్యుల నుంచి వచ్చింది. నెలనెలా కొంత పంపే ఆ దాతలను కూడగట్టడానికి 1996లో అక్కడ ఒక సంస్థ ఏర్పడింది. 1998లో స్పెయిన్ ఆయనను ప్రిన్స్ ఆఫ్ ఆస్టురియాస్ పురస్కారంతో గౌరవించింది.

2009 జూన్ 19న ఫెర్రర్ అనంతపురంలో కన్నుమూశాడు. ఆయనను సమాధి చేసింది బత్తలపల్లిలోనే. కడసారి చూపుకు జనం తండోపతండాలుగా వచ్చారు. బార్సిలోనా బిడ్డ మన నేలలో మన్నయ్యాడు.

ఇక మిగిలిన ప్రశ్న మనది. పరాయి దేశపు దాత పంపే సొమ్ముతో మన ఊరి బిడ్డ ఎన్నాళ్ళు మందు తాగాలి? ఒక మహనీయుడు తలకెత్తుకున్న బరువును అతని తర్వాత ఎవరు మోయాలి? ప్రభుత్వం మోయాలి, నిజమే. కాని ఉపకేంద్రంలో బిళ్ళలు నిండుకున్నాయా, గడువు దాటిన సీసాలు అలమరలో పడి ఉన్నాయా అని అడిగేవారు లేకపోతే ఏ ప్రభుత్వమైనా నిద్రపోతుంది. అడగడానికి వైద్యశాస్త్రం చదవక్కరలేదు. ఫెర్రరూ చదవలేదు. మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాలు చెట్లు నాటి, ఫోటోలు దిగి ఇంటికి రావడంతో సరిపెట్టుకోకుండా, ఒక్కొక్క దళం ఒక్కొక్క పల్లెకు పోయి, అక్కడ ఏ మందులు ఉన్నాయో, ఏవి లేవో రాసుకొచ్చి అధికారులకు అందజేస్తే చాలు. ఆ కాగితం వల్ల ఒక్క బిడ్డకు వేళకు మందు అందినా, ఆయనకు మనం అర్పించే నివాళి అదే.