సర్ రొనాల్డు రాసు

చలిజ్వరము వచ్చినవానికి గాలి సోకినదని తాయెత్తు కట్టుట మన పల్లెలలో పూర్వాచారము. ఐరోపావారును దీనికి భిన్నముగ నెంచలేదు. మలేరియా యను ఇటాలియను మాటకు చెడుగాలి యనియే యర్థము. ఈ గాలిమాటను తొలగించిన మహనీయుడు రొనాల్డు రాసు.

ఈయన 1857లో అల్మోరా పట్టణమున జన్మించెను. కవిత్వమునం దభిరుచి గలవాడయ్యు, తండ్రి కోరిక చొప్పున వైద్యము నభ్యసించి, 1881లో భారత వైద్యశాఖయందు చేరెను. 1894లో లండను నగరమున ప్యాట్రిక్ మాన్సను రోగి రక్తమందలి మలేరియా క్రిములను చూపి, వీనికిని దోమలకును సంబంధ ముండవచ్చునని సూచించెను. దానిని నిరూపించుటయే రాసునకు వ్రతమయ్యెను.

సికిందరాబాదున నెన్నియో దోమలను కోసి చూచినను ఫలము కానరాలేదు, అవి వేరుజాతివి. తుదకు 1897 ఆగస్టులో హుసేను ఖాను అను జ్వరపీడితుడు, దోమకొక యణా చొప్పున పుచ్చుకొని, మచ్చరెక్కల దోమలచే కుట్టించుకొనెను. 20వ తేదీన అట్టి దోమయొక్క కడుపుగోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుట రాసు సూక్ష్మదర్శనితో కనుగొనెను. మరుసటి యేట కలకత్తాలో పక్షులపై పరీక్షించి, దోమకాటువలననే యీ జాతి జ్వరము వ్యాపించునని స్థిరపరచెను. 1902లో నోబెలు బహుమాన మందుకొని, 1932లో పరమపదించెను.

రాసుతోపాటు హుసేను ఖానునుగూడ మేము స్మరింతుము. రోగి యోర్పు లేక వైద్యుని యోర్పు ఫలింపదుగదా! శివ్వంపేట బాలురమగు మాకు చెరువుగాలి భయము లేదు. ముంగిట నిలిచిన నీటినే పారబోయుదము. జ్వరము తగిలిన రక్తపరీక్ష చేయించుకొందము.