91 సార్లు ‘కూలిన’ ప్రభుత్వం... లెక్క తేల్చిన లిప్‌మన్

రష్యాలో 1917 నవంబరులో బోల్షెవిక్‌లు అధికారంలోకి వచ్చారు. ఆ తర్వాతి రెండేళ్లలో వాళ్ల పని అయిపోయిందనో, అయిపోవచ్చిందనో అమెరికాలోని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 91 సార్లు రాసింది. ఆ ప్రభుత్వం మాత్రం ఒక్కసారి కూడా కూలలేదు. ఈ లెక్క తీసిన ఇద్దరిలో ఒకరు వాల్టర్ లిప్‌మన్. జర్నలిజం, పొలిటికల్ సైన్స్ విద్యార్థులకు తెలిసిన పేరే. ఏ వార్తను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న మీద ఆయన ఏళ్ల తరబడి పనిచేశారు. అయినా ఒకసారి తానే బోల్తా పడ్డారు. ఆయన గెలుపు నుంచి ఎంత నేర్చుకోవచ్చో, ఆ ఓటమి నుంచీ అంతే నేర్చుకోవచ్చు.

ప్రచారాన్ని దగ్గరుండి చూశారు

లిప్‌మన్ 1889లో న్యూయార్క్‌లో ఒక కలిగిన యూదు కుటుంబంలో పుట్టారు. ఒక్కడే కొడుకు. హార్వర్డ్‌లో నాలుగేళ్ల చదువును మూడేళ్లలో ముగించారు. అవినీతిని బయటపెట్టే కథనాలతో పేరు తెచ్చుకున్న లింకన్ స్టెఫెన్స్ దగ్గర సహాయకుడిగా చేరి పని నేర్చుకున్నారు. 1914లో న్యూ రిపబ్లిక్ వారపత్రిక మొదలైనప్పుడు దాని తొలి సంపాదక బృందంలో ఆయనా ఉన్నారు. అప్పటికి వయసు పాతికేళ్లు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కెప్టెన్ హోదాలో ఫ్రాన్స్ వెళ్లారు. శత్రు సైనికుల మనసు మార్చడానికి జర్మన్ స్థావరాల మీద జారవిడిచే కరపత్రాలు తయారు చేయడం ఆయన డ్యూటీ. ఒక విషయాన్ని జనం నమ్మేలా ఎలా వండుతారో అక్కడ కళ్లారా చూశారు. తిరిగొచ్చాక ఆయన్ను ఒక సందేహం వదల్లేదు. పేపర్లో వచ్చేది తప్పయితే, దాన్ని చదివి ఓటేసే పౌరుడి నిర్ణయం ఎలా సరిగ్గా ఉంటుంది?

పేపర్‌కే పరీక్ష

1920లో సహచరుడు చార్లెస్ మెర్జ్‌తో కలిసి దీన్ని తేల్చడానికి కూర్చున్నారు. 1917 మార్చి నుంచి 1920 మార్చి వరకు మూడేళ్ల న్యూయార్క్ టైమ్స్‌ను, అంటే వెయ్యికి పైగా సంచికలను ముందేసుకున్నారు. ఎంచుకున్నది గాలివార్తల పత్రికను కాదు, దేశంలోనే మంచి పేరున్నదాన్ని.

ఇక్కడ వాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. రష్యాలో అసలు నిజం ఏమిటి అన్న వాదనలోకి దిగలేదు. తర్వాత ఎవరూ కాదనలేని సంగతులను మాత్రమే కొలబద్దగా తీసుకున్నారు. 1917 వేసవిలో రష్యా సైన్యం చేసిన దాడి విఫలమైంది. 1918 మార్చిలో రష్యా జర్మనీతో సంధి చేసుకుంది. బోల్షెవిక్‌లను కూలదోయడానికి సేనలతో వచ్చిన జనరల్స్ ఓడిపోయారు. ఇవన్నీ జరగడానికి ముందు పేపర్ ఏం చెప్పింది? ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు.

ఫలితం పేపర్‌కు ఇబ్బందికరంగానే వచ్చింది. అధికార వర్గాలు, దౌత్య వర్గాలు అంటూ పేరు లేని మనుషుల మాటలు వార్తలైపోయాయి. ఎవరో కుట్ర చేశారని మాత్రం వాళ్లు అనలేదు. విలేకరులు, ఎడిటర్లు ఏది జరగాలని ఆశపడ్డారో, ఏది జరుగుతుందేమోనని భయపడ్డారో అదే వార్తగా అచ్చయిందని తేల్చారు. తర్వాత కొన్నేళ్లకు ఆ మెర్జ్‌నే న్యూయార్క్ టైమ్స్ ఉద్యోగంలోకి తీసుకుంది. 1938లో సంపాదకీయ పేజీ బాధ్యత కూడా అప్పగించింది.

1922లో లిప్‌మన్ పబ్లిక్ ఒపీనియన్ అనే పుస్తకం రాశారు. అచ్చు యంత్రాల వాళ్ల మాటగా ఉన్న స్టీరియోటైప్‌కు ఇవాళ మనం వాడే అర్థం ఈ పుస్తకంతోనే స్థిరపడింది. మనం ముందు చూసి తర్వాత నిర్ణయించుకోం, ముందే ఒక అచ్చు మనసులో పెట్టుకుని దాంట్లోంచి చూస్తాం అన్నది దాని సారాంశం.

తానే జారిపడ్డ రోజు

ఇన్ని తెలిసిన మనిషి 1942 ఫిబ్రవరిలో ఏం చేశారో చూడండి. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి రెండు నెలలైంది. అప్పటికి లిప్‌మన్ కాలమ్ దేశమంతా చదివేవారు. కాలిఫోర్నియా వెళ్లి అక్కడి సైనికాధికారులను, ప్రభుత్వ పెద్దలను కలిశారు. అక్కడి జపాన్ సంతతి వాళ్ల వల్ల ముప్పు ఉందన్న వాళ్ల మాటను నమ్మి కాలమ్ రాశారు. విధ్వంసం ఒక్కటీ జరగలేదు కదా అంటే, అదను కోసం ఆగుతున్నారనడానికి అదే గుర్తు అని వాదించారు. అంటే రుజువు లేకపోవడాన్నే రుజువుగా చూపించారు.

వారం రోజుల్లోనే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఆ నిర్ణయం లిప్‌మన్ ఒక్కడి వల్ల వచ్చింది కాదు గానీ, ఆయన కలం దానికి బలమిచ్చింది. సుమారు 1,20,000 మంది ఇళ్లూ వ్యాపారాలూ వదిలి ముళ్లకంచెల శిబిరాలకు వెళ్లాల్సి వచ్చింది. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. 1988లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది. అప్పటికి లిప్‌మన్ లేరు, 1974లోనే చనిపోయారు. 1920లో ఇతరుల్లో ఆయన పట్టుకున్న తప్పే ఇది. భయం, పైవాళ్ల మాట కలిసి వార్తయిపోయాయి.

మనకేంటి?

ఉద్యోగం కోసం చూస్తున్నప్పుడు ఆశా ఎక్కువే, భయమూ ఎక్కువే. నోటిఫికేషన్ ఈ నెలలోనే అన్న పోస్టు కనిపిస్తే వెంటనే ఫార్వర్డ్ చేయాలనిపిస్తుంది. లిప్‌మన్ పద్ధతికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఒక నోట్‌బుక్ చాలు. మీరు ఫాలో అయ్యే ఛానెల్ ఆరు నెలలుగా ఏ తేదీలు చెప్పిందో ఒక కాలమ్‌లో రాయండి. కమిషన్ అధికారిక ప్రకటన ఎప్పుడు వచ్చిందో పక్క కాలమ్‌లో రాయండి. ఎంత పెద్ద పేరున్నా రెండు కాలమ్‌లూ కలవకపోతే ఆ ఛానెల్‌ను ఎంత నమ్మాలో మీకే తెలిసిపోతుంది. విశ్వసనీయ వర్గాల సమాచారం అని ఉంటే, ఆ వర్గాలు ఎవరో అడగండి. ముఖ్యంగా మీరు ఎంతగానో కోరుకున్న వార్త కనిపించినప్పుడు ఇంకోసారి చూడండి. ఈ చివరిది లిప్‌మన్ అంతటివాడికే కష్టమైంది. కాబట్టి మనకు తేలికని అనుకోవద్దు.