ఎరటోస్తనీసు

మధ్యధరా సముద్రపు దక్షిణ తీరమున, నేటి లిబియా దేశమునందు, పూర్వము సైరీను అను గ్రీకు నగరము ఉండెను. క్రీస్తుపూర్వము 276 ప్రాంతమున ఆ నగరమున ఎరటోస్తనీసు జన్మించెను. అతడు ఏథెన్సు నగరమునకు పోయి, తత్త్వవేత్తల కడ విద్య నభ్యసించెను. కవిత్వము, చరిత్ర, ఖగోళము, భూగోళము, గణితము మున్నగు శాస్త్రములన్నింటను అతడు కృషి చేసెను.

ఆ కాలమున మూడవ టాలెమీ ఈజిప్టు దేశమును పాలించుచుండెను. అతని రాజధానియగు అలెగ్జాండ్రియాలో సుప్రసిద్ధమైన గ్రంథాలయము ఉండెను. రాజు ఎరటోస్తనీసును రప్పించి, దానికి అధిపతిగను, యువరాజునకు గురువుగను నియమించెను.

అన్ని విద్యలను ఎఱిగియు దేనిలోను ప్రథముడు కాడని కొందరు అతనిని ఎగతాళి చేసి, బీటా అని పేరు పెట్టిరి. బీటా యనగా గ్రీకు అక్షరమాలలో రెండవ అక్షరము. కాని మహాగణితవేత్తయగు ఆర్కిమిడీసు తన పద్ధతిని వివరించు గ్రంథమును అతనికే వ్రాసి పంపెను. అట్టివాని మన్ననకు పాత్రుడైనవాడు సామాన్యుడు కాడు.

ప్రధాన సంఖ్యలను కనుగొనుటకు అతడు చూపిన మార్గము మిక్కిలి సులభమైనది. 2 మొదలు 100 వఱకు సంఖ్యలను వరుసగా వ్రాయవలెను. 2ను ఉంచి, రెండవ యెక్కమున వచ్చు 4, 6, 8 మున్నగు గుణిజముల నన్నింటిని కొట్టివేయవలెను. పిమ్మట 3ను ఉంచి దాని గుణిజములను, అట్లే 5, 7ల గుణిజములను కొట్టివేయవలెను. 12 వంటి సంఖ్య రెండు మారులు దెబ్బ తినును. ఏలయన, అది 2, 3లకు సామాన్య గుణిజము. చూచుటకు ప్రధాన సంఖ్యవలె కనబడు 91 కూడ ఏడవ యెక్కమున పట్టుబడును. అది 7, 13ల లబ్ధము. 100 వఱకు ప్రధానము కాని ప్రతి సంఖ్యకును 10 కన్న చిన్నదియగు ప్రధాన కారణాంకము ఉండును గనుక, 7తోనే పని ముగియును. పిండి క్రిందికి జారి నూక జల్లెడలో నిలిచినట్లు, తుదకు 25 ప్రధాన సంఖ్యలు మిగులును. అందుచేతనే దీనికి ఎరటోస్తనీసు జల్లెడ యని పేరు వచ్చెను. ఇందు భాగహారముతో పనిలేదు. ఎక్కములు వచ్చిన చాలును.

భూమి చుట్టుకొలతను గూడ అతడు లెక్కించెను. వేసవి అయనాంతమున మధ్యాహ్నవేళ సైయీనులో, అనగా నేటి అస్వానులో, సూర్యుడు నడినెత్తిన నుండును. అలెగ్జాండ్రియాలో మాత్రము నీడ పడును. ఆ నీడ తెలుపు కోణము వృత్తములో 50వ వంతని అతడు గ్రహించెను. రెండు నగరముల నడిమి దూరము 5,000 స్టేడియములుగా నెంచి, దానిని 50చే హెచ్చింపగా 2,50,000 వచ్చెను. తరువాత అతడు దానిని 2,52,000గా సవరించెను. 60 సమభాగములు చేసినపుడు శేషము మిగులకుండుటకై ఇట్లు చేసియుండునని పండితుల ఊహ. 1 మొదలు 10 వఱకు గల సంఖ్యల కనిష్ఠ సామాన్య గుణిజము 2,520. దానికి నూఱు రెట్లే 2,52,000. కావున వానిలో ఏ సంఖ్యతో భాగించినను శేషముండదు.

వార్ధక్యమున అతనికి చూపు పోయెను. గ్రంథముల నడుమ జీవితము గడపినవానికి చదువలేకపోవుటను మించిన దుఃఖమేమి? క్రీస్తుపూర్వము 194 ప్రాంతమున, సుమారు 80 ఏండ్ల వయస్సున, అతడు మరణించెను. అతని గ్రంథములలో పెక్కు నశించినవి. జల్లెడ సంగతి గూడ తరువాతివాడగు నికోమాకసు వ్రాతవలననే లోకమునకు తెలిసినది. అయినను, రెండవవాడని నవ్వినవారి పేర్లు నేడెవ్వరికిని తెలియవు. ఎక్కములు నేర్చిన బాలబాలికలు మాత్రము అతని జల్లెడతో నేటికిని సంఖ్యలను జల్లించుచున్నారు.